జావా రిఫ్లెక్షన్: చూపుకి పూర్తి మార్కులు, పిలుపుకి పాస్ మార్కులు

ముందే తీర్పు చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోవచ్చు. జావా భాషలోని రిఫ్లెక్షన్ అనే సదుపాయం చేసేవి రెండు పనులు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఒక క్లాస్‌లో (సంబంధమున్న కోడ్‌ని కట్టిన మూట) ఏయే మెథడ్లున్నాయి (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు), వాటికి పారామీటర్లేమిటి (అవి తీసుకునే విలువలు), వాటి నెత్తిన ఏ యానొటేషన్లు పెట్టారు (కోడ్ మీద అంటించే చీటీలు) అని చూడనిస్తుంది. అలా దొరికిన మెథడ్‌ని పేరు పట్టుకుని పిలవనిస్తుంది. చూపుకి నేను పూర్తి మార్కులు వేస్తాను. పిలుపుకి పాస్ మార్కులు, అవీ కాస్త దయతలచి. మార్కులు కోసింది వేగం దగ్గర అనుకునేరు. "రిఫ్లెక్షన్ స్లో" అన్నది మాదాపూర్‌లో ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా వినబడే మాటే గానీ, ఇన్నేళ్లలో దానివల్ల మాకు పట్టుమని ఒక్క సాయంత్రం పాడవలేదు. పాడైన సాయంత్రాలకి కారణం వేరే ఉంది: పేరుతో పిలిచిన పిలుపు కోడ్‌లో ఎక్కడా కనబడదు. కోడ్‌ని సరిచూసి నడిచే రూపంలోకి మార్చే కంపైలర్‌కి కనబడదు, మనం కోడ్ రాసుకునే ఎడిటర్‌కి కనబడదు, టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి అసలే కనబడదు.

నేను పనిచేసేది గచ్చిబౌలిలో, జీతాల సాఫ్ట్‌వేర్ మీద. వేరే కంపెనీలు తమ ఉద్యోగుల వివరాలు మాకిస్తే నెలాఖరుకి మేం పేస్లిప్పులు తీస్తాం. జీతం లెక్క బయటికి తేలిగ్గా కనిపిస్తుంది, లోపల నిండా రూల్సే. పీఎఫ్ కోత 12 శాతం, తప్పనిసరి పరిమితి 15,000 రూపాయల వేతనం. ఈఎస్ఐలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, అదీ నెలకి 21,000 దాటనివాళ్లకే. వృత్తి పన్ను రాష్ట్రానికో తీరు. తెలంగాణలో 15,000 వరకు ఏమీ లేదు, 20,000 వరకు నెలకి 150, ఆపైన 200. మహారాష్ట్రలో నెలకి 200 కోసి, ఫిబ్రవరిలో మాత్రం 300 కోస్తారు. ఏడాదికి 2,500 దాటొద్దని రాజ్యాంగం 276వ అధికరణం గిరి గీసింది కాబట్టి, పదకొండు రెండొందలకి ఒక మూడొందలు కలిపితే సరిగ్గా ఆ గిరి దగ్గర ఆగుతుంది.

ఇలాంటి రూల్ ఒక్కొక్కటీ మా దగ్గర ఒక మెథడ్. ఏ కంపెనీకి ఏ నెల ఏ మెథడ్ నడవాలో డేటాబేస్‌లో ఒక టేబుల్ చెబుతుంది. ఆ టేబుల్‌లో మెథడ్ పేరు మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది. రాత్రిపూట జీతాలన్నీ ఒక్క విడతలో లెక్కగట్టే ప్రోగ్రామ్, అంటే మా రాత్రి బ్యాచ్, ఆ పేరు చదివి, రిఫ్లెక్షన్‌తో మెథడ్‌ని వెతికి, పిలుస్తుంది. నేను చేరేనాటికే ఈ ఏర్పాటు ఉంది. జావా 8 మీద ఉన్నదాన్ని 17 మీదుగా 21కి తెచ్చాం. ఈ సమీక్ష ఆ కాలమంతటి మీద.

హైదరాబాద్‌లో జావా నేర్చుకున్నవాళ్లు రిఫ్లెక్షన్‌ని పేరు తెలియకుండానే వాడేసి ఉంటారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జేడీబీసీ (జావాని డేటాబేస్‌తో కలిపే పద్ధతి) పాఠానికి కూర్చుంటే బోర్డు మీద మొదటి లైను క్లాస్.ఫర్‌నేమ్, దాని లోపల కోట్స్ మధ్య మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ క్లాస్ పూర్తి పేరు. "ఇది డ్రైవర్‌ని లోడ్ చేస్తుంది" అంటారు సార్, మనం నోట్స్‌లో రాసుకుంటాం, స్పెల్లింగ్ తప్పితే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ చూస్తాం. జరిగేదేంటంటే, ఆ లైను పేరు పట్టుకుని క్లాస్‌ని తెచ్చి దాని స్టాటిక్ బ్లాక్‌ని (క్లాస్ వచ్చినప్పుడు ఒకసారి నడిచే కోడ్) నడిపిస్తుంది. ఆ బ్లాక్‌లో డ్రైవర్ తనంతట తానే డ్రైవర్‌మేనేజర్ దగ్గర నమోదవుతుంది. 2006లో జావా 6తో వచ్చిన జేడీబీసీ 4.0 నుంచి ఆ లైను అక్కర్లేదు, డ్రైవర్లని వెతికిపెట్టే పని జావాలోని సర్వీస్‌లోడర్ చూసుకుంటుంది. అయినా జిరాక్స్ నోట్సుల్లో అది హాయిగా బతికే ఉంది. ఆ డ్రైవర్ ఉండే ప్యాకేజీ, మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ 8 వచ్చాక డ్రైవర్ పేరు మధ్యలో సీజే అని ఇంకో ముక్క చేరింది. పాత పేరు వాడితే ఇది పాతబడిందని కన్సోల్‌లో ఒక హెచ్చరిక పడుతుంది. పేరు మీద ఆధారపడ్డ కోడ్ గతి ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, కోర్సులో మాత్రం ఆ సంగతి రాదు.

చూపు సంగతికొద్దాం. రిఫ్లెక్షన్ ప్యాకేజీ 1997లో జేడీకే (జావా రాసేవాళ్ల కిట్) 1.1తో వచ్చింది. 2004లో జావా 5 యానొటేషన్లు తెచ్చాక దానికి అసలైన పని దొరికింది. జావావాళ్లు రోజూ వాడే రెడీమేడ్ కోడ్, అంటే స్ప్రింగ్, హైబర్నేట్, జాక్సన్, టెస్టులు నడిపే జేయూనిట్, ఏది తీసుకున్నా మన క్లాసులని చూసేది దీనితోనే. మేమూ మా రూల్ మెథడ్ల మీద సొంత యానొటేషన్ ఒకటి పెట్టి, సర్వర్ లేచేటప్పుడు వాటన్నిటినీ ఏరి జాబితా చేసుకుంటున్నాం. అడ్మిన్ స్క్రీన్‌లో డ్రాప్‌డౌన్ ఆ జాబితా నుంచే వస్తుంది, ఆడిటర్లకిచ్చే రూల్స్ పట్టికా అందులోంచే వస్తుంది. కొత్త రాష్ట్రం క్లయింట్ వస్తే మెథడ్ రాసి, పైన యానొటేషన్ పెట్టి, వదిలేయడమే. ఇంత తక్కువ కోడ్‌కి ఇంత ఫలితం ఇచ్చినది మా ప్రాజెక్ట్‌లో ఇంకోటి లేదు.

అయితే మొదటివారం అందరూ తడబడే చోట్లు కొన్నున్నాయి. గెట్‌మెథడ్స్ అని అడిగితే పబ్లిక్ (ఎవరైనా పిలవగల) మెథడ్లన్నీ, పై క్లాసుల్లోని తాత ముత్తాతల నుంచి వచ్చినవాటితో సహా ఇస్తుంది. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ అని అడిగితే ఆ క్లాస్‌లో రాసినవి అన్నీ, ప్రైవేట్‌వి (ఆ క్లాస్ లోపలికే పరిమితమైనవి) కూడా ఇస్తుంది గానీ పైనుంచి సంక్రమించినవి ఇవ్వదు. పై క్లాస్‌లోని ప్రొటెక్టెడ్ (పిల్ల క్లాసులకి కనబడే) మెథడ్ కావాలంటే ఈ రెండిట్లో ఏదీ చాలదు, సూపర్‌క్లాస్ పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కాలి. యానొటేషన్‌కి రిటెన్షన్ రన్‌టైమ్ అని, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడూ నిలవాలని, రాయకపోతే అది కంపైలర్ తీసిన క్లాస్ ఫైల్ దాకా వచ్చి ఆగిపోతుంది, డీఫాల్ట్ అదే. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, జాబితా ఖాళీగా వస్తుందంతే.

మెథడ్లు ఏ వరసలో వస్తాయో హామీ లేదని డాక్యుమెంటేషన్ స్పష్టంగానే చెబుతుంది. జావా 6 వరకు చాలామందికి ఫైల్‌లో రాసిన వరసే వస్తుండేది, అదే రూలనుకున్నారు. 2011లో జావా 7 రాగానే వరస చెదిరింది, ఒక టెస్ట్ తర్వాత ఇంకోటి నడుస్తుందని నమ్ముకున్న టెస్టులు కూలాయి. జేయూనిట్ 4.11లో టెస్టులకి స్థిరమైన వరస ఏర్పాటు చేసింది అందుకే. జీతాల్లో వరస తప్పితే కుదరదు: మొత్తం వేతనం తేలాకే ఈఎస్ఐ వర్తిస్తుందో లేదో తేలుతుంది. కాబట్టి మా యానొటేషన్‌లో వరస అంకె కూడా ఒకటి ఉంది.

ఇంకో సరదా సంగతి. మా అడ్మిన్ స్క్రీన్‌లో కొన్ని రూల్స్ రెండేసిసార్లు కనబడేవి. కోడ్‌లో చూస్తే ఒక్కటే. కారణం, జెనరిక్ ఇంటర్‌ఫేస్‌ని (ఏయే మెథడ్లుండాలో చెప్పి, టైపుని ఖాళీగా వదిలే ఒప్పందం) అమలుచేసిన క్లాసులో కంపైలర్ తన అవసరం కోసం బ్రిడ్జ్ అనే అదనపు మెథడ్ పుట్టిస్తుంది. జావా 8 నుంచి యానొటేషన్లని కూడా దాని మీదికి కాపీ చేస్తుంది. మనం రాసింది ఒకటి, రిఫ్లెక్షన్‌కి కనబడేవి రెండు. ఈజ్‌బ్రిడ్జ్ అని ఒక తనిఖీ పెడితే సరిపోయింది. టెస్టులు కోడ్‌ని ఎంతమేర తాకాయో కొలిచే జాకోకో తగిలిస్తే అదీ ప్రతి క్లాస్‌లో తన సొంత మెథడ్ ఒకటి, ఫీల్డ్ ఒకటి దూరుస్తుంది. మన ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్ట్ బిల్డ్ సర్వర్‌లో (అందరి కోడ్ కూర్చి కంపైల్ చేసే చోటు) ఫెయిలవుతుంటే ముందు అటు చూడండి. లాంబ్డాలు (పేరులేని చిన్న కోడ్ ముక్కలు) రాస్తే వాటి లోపలి కోడ్ కూడా డాలర్ గుర్తుల పేర్లతో ప్రైవేట్ మెథడ్లుగా తేలుతుంది. వీటన్నిటికీ ఈజ్‌సింథటిక్, అంటే ఇది మనం రాయకుండా పుట్టిందా, అనే ప్రశ్న మందు.

పారామీటర్ల పేర్లు చూద్దామంటే ఆర్గ్0, ఆర్గ్1 అని వస్తాయి, కంపైల్ చేసేటప్పుడు పారామీటర్స్ అనే ఫ్లాగ్ ఇస్తే తప్ప. ఆ ఫ్లాగ్ జావా 8 నుంచీ ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. 2023 చివర్లో స్ప్రింగ్ బూట్ (స్ప్రింగ్‌ని సులువుగా వాడనిచ్చే రూపం) 3.2 వచ్చాక అందరూ పట్టించుకున్నారు, ఎందుకంటే అంతకుముందు స్ప్రింగ్ డీబగ్ సమాచారంలోంచి (తప్పులు వెతకడానికి కంపైలర్ వదిలే వివరాలు) పేర్లు లాగేది, ఆ అలవాటు మానేసింది.

ఇక పిలుపు. ఇన్వోక్ అనే మెథడ్‌కి మొదట ఆబ్జెక్ట్ (క్లాస్ నమూనా ప్రకారం తయారైన వస్తువు), తర్వాత ఆర్గ్యుమెంట్లు (పారామీటర్లకిచ్చే విలువలు) ఇవ్వాలి. ఆబ్జెక్ట్ అక్కర్లేని స్టాటిక్ మెథడ్ అయితే మొదటిది నల్, అంటే ఖాళీ, ఇచ్చినా ఏమనదు. చెప్పడానికి ఇంతే. కానీ మామూలుగా కంపైలర్ మన తరఫున చేసే పనులన్నీ ఇక్కడ మన నెత్తిన పడతాయి. మెథడ్ వెతికేటప్పుడు పారామీటర్ టైపులు అచ్చంగా సరిపోవాలి. రెండూ పూర్ణాంకాల టైపులే అయినా, ఇంట్ అని రాసిన మెథడ్‌ని ఇంటీజర్ అని అడిగితే "అలాంటి మెథడ్ లేదు" అంటుంది. ప్రైవేట్ మెథడ్‌ని గెట్‌మెథడ్‌తో అడిగినా అదే మాట. ఎదురుగా ఫైల్‌లో మెథడ్ కనబడుతుంటే లేదని చెప్పే ఎర్రర్ చూసి కొత్తవాళ్లు క్లీన్ బిల్డ్ (అంతా మొదటినుంచి కంపైల్ చేయడం) మీద క్లీన్ బిల్డ్ కొడుతుంటారు. దొరికిందనుకోండి, పిలిచేటప్పుడు ఆర్గ్యుమెంట్ టైపు తేడా కొడుతుంది. ఆరకిల్ డేటాబేస్‌లో నంబర్ కాలమ్‌ని ఆబ్జెక్ట్‌గా చదివితే బిగ్‌డెసిమల్ అనే టైపు వస్తుంది, మెథడ్ లాంగ్ అనే ఇంకో టైపు అడుగుతుంది, "ఆర్గ్యుమెంట్ టైప్ మిస్‌మ్యాచ్" అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. ఎన్నో ఆర్గ్యుమెంట్, ఏ టైపు రావాలి, ఏ టైపు వచ్చింది, ఏమీ చెప్పదు. మా జావా 8 రోజుల్లో ఈ ఒక్క మెసేజ్ మీద పోయిన సమయం వేగం మీద పోయినదానికన్నా చాలా ఎక్కువ.

ఎక్సెప్షన్ల పద్ధతీ అంతే. పిలిచిన మెథడ్ లోపల ఏది పేలినా దాన్ని ఇన్వొకేషన్‌టార్గెట్ ఎక్సెప్షన్ అనే సంచిలో చుట్టి ఇస్తుంది. ఆ సంచికి సొంత మెసేజ్ ఉండదు. పై పొరలో ఎవరో గెట్‌మెసేజ్ మాత్రమే లాగ్ చేస్తే "జీతం లెక్క విఫలం: నల్" అని లాగ్‌లో పడి ఉంటుంది. గెట్‌కాజ్ తీసి చూస్తే తప్ప అసలు కారణం తెలియదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో పనిచేసే మిత్రుడు వాళ్లకీ ఇదే గోల, పేరు మాత్రం టార్గెట్‌ఇన్వొకేషన్ ఎక్సెప్షన్ అని తిరగేసి పెట్టారన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. సంక్రాంతికి ముందు పని పలచబడ్డ రోజుల్లో మా టీమ్ పాత కోడ్ ఊడ్చే కార్యక్రమం పెట్టుకుంది. ఎవరూ వాడని మెథడ్ ఎడిటర్‌లో బూడిద రంగులో కనబడుతుంది. మహారాష్ట్ర ఫిబ్రవరి రూల్ బూడిద రంగులో ఉంది. తీసేశారు. బిల్డ్ అయింది, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, కోడ్ రివ్యూలో సీనియర్లు ఓకే కొట్టారు. జనవరి జీతాలు సాఫీగా వెళ్లాయి. ఫిబ్రవరి చివరివారం రాత్రి బ్యాచ్, పుణెలో ఉద్యోగులున్న ఒక క్లయింట్ దగ్గరికొచ్చి ఆగింది. నోసచ్‌మెథడ్ ఎక్సెప్షన్.

పొద్దున మా టీమ్‌లోని వరంగల్ కుర్రాడు నా డెస్క్ దగ్గరికొచ్చాడు. "అన్నా, గా మెథడ్‌ని ఎవ్వరు పిలుస్తలేరని ఐడీఈ చూపెట్టింది. అందుకే తీసేసినం. మరి ఏడికెళ్లి పిలుస్తున్నట్టు?"

"టేబుల్ల పేరుంది తమ్మీ."

"టేబుల్ ఎట్ల పిలుస్తదన్నా?"

అతని ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్న సరైనదే. భాష ఇచ్చే రక్షణలన్నీ దాటుకుని ఒక పేరుని ఇంకో చోట దాచిపెట్టి, దాన్ని కాపాడే బాధ్యత మనుషుల జ్ఞాపకశక్తికి అప్పజెప్పిన డిజైన్ అది. ఏడాదికి ఒక్క నెల మాత్రమే నడిచే కోడ్‌కి ఆ జ్ఞాపకశక్తి ఎంతమాత్రం చాలదు.

దాని తర్వాత చేసిన మార్పుల్లో బాగా పనికొచ్చింది ఒకటుంది. సర్వర్ లేచేటప్పుడే టేబుల్‌లో ఉన్న ప్రతి పేరుకీ మెథడ్ ఉందో లేదో, టైపులు సరిపోతున్నాయో లేదో చూస్తాం. ఒక్కటి దొరక్కపోయినా సర్వర్ లేవదు. ఫిబ్రవరిలో పేలాల్సింది కొత్త కోడ్ సర్వర్‌కి ఎక్కించిన రోజునే పేలుతుంది. మా ఎడిటర్ ఇంటెలిజేలో మా యానొటేషన్‌ని ఎంట్రీ పాయింట్‌గా నమోదు చేశాక బూడిద రంగు కూడా పోయింది. పేరు మార్చేటప్పుడు స్ట్రింగుల్లోనూ (కోట్స్ మధ్య రాసిన అక్షరాలు) వెతకమనే టిక్కు ఉంటుంది, అది పెట్టుకోవడం మంచిదే గానీ డేటాబేస్ లోపలి పేర్ల దాకా అది ఎలాగూ చేరదు. డాట్‌నెట్ భాష సీషార్ప్‌కి 2015 నుంచి నేమ్‌ఆఫ్ ఉంది, మెథడ్ పేరుని కోట్స్‌లో కాకుండా కంపైలర్‌కి అర్థమయ్యేలా రాసుకోవచ్చు. జావాలో మెథడ్ పేరుకి అలాంటిది లేకపోవడం నాకు నిజంగా కొరతే.

వేగం గురించి రాయకపోతే ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. పాత జేవీఎంలలో (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది జేవీఎం) ఒక మెథడ్‌ని రిఫ్లెక్షన్‌తో పిలిస్తే మొదటి 15 పిలుపులు జేవీఎం లోపలి నేటివ్ దారిలో వెళ్లేవి, ఆపైన దానికోసం అప్పటికప్పుడు బైట్‌కోడ్ (జేవీఎంకి అర్థమయ్యే కోడ్) తయారుచేసుకుని ఆ దారిలో వెళ్లేది. ఎర్రర్ వచ్చినప్పుడు పడే పిలుపుల జాబితాలో, అంటే స్టాక్ ట్రేస్‌లో, జనరేటెడ్‌మెథడ్‌యాక్సెసర్ అని పక్కన అంకెతో కనబడేది అదే. 2022లో జావా 18 నుంచి మొత్తం మెథడ్ హ్యాండిల్స్ (మెథడ్‌ని పట్టుకుని పిలిచే ఇంకో జావా సదుపాయం) మీదకి మార్చారు, ఆ పేర్లు ట్రేస్‌లోంచి మాయమయ్యాయి. నిజంగా ఖర్చయ్యేది పిలుపుకన్నా వెతుకులాటకి. గెట్‌మెథడ్ అని అడిగిన ప్రతిసారీ వెతికి, దొరికినదానికి కొత్త కాపీ చేసి ఇస్తుంది. లూప్ లోపల వెతికితే తప్పు రిఫ్లెక్షన్‌ది కాదు. ఒకసారి వెతికి మ్యాప్‌లో (పేరుకి ఎదురుగా విలువ పెట్టుకునే పట్టిక) దాచుకుంటే చాలు. మా బ్యాచ్‌కి, సమయం ఎక్కడ పోతోందో చూపే ప్రొఫైలర్ తగిలించి చూస్తే సమయమంతా డేటాబేస్ దగ్గర పోతోంది, ఇన్వోక్ అనేది కిందెక్కడో సన్న గీతలా ఉంది.

సెట్‌యాక్సెసిబుల్ గురించి నా అభిప్రాయం మధ్యలో మారింది. ప్రైవేట్ మెథడ్‌నీ, ఫీల్డ్‌నీ తెరిచే తాళంచెవి అది. జావా 8 కాలంలో టెస్టుల నిండా అదే వాడేవాళ్లం, జేడీకే సొంత క్లాసుల లోపలికి కూడా చెయ్యి పెట్టేవాళ్లం, అడిగేవాళ్లు లేరు. 2017లో జావా 9 మాడ్యూల్స్ తెచ్చింది, అంటే కోడ్‌ని గదులుగా విడగొట్టి ఏ గది ఎవరికి తెరవాలో చెప్పే ఏర్పాటు. అప్పటికి ఒక హెచ్చరికతో సరిపెట్టింది. 2021లో జావా 16 డీఫాల్ట్‌గా తలుపు మూసేసింది, అదే ఏడాది జావా 17 ఆ తలుపు మొత్తంగా తెరిచే ఆప్షన్‌నే తీసేసింది. స్ప్రింగ్ బూట్ 3కి జావా 17 తప్పనిసరి కాబట్టి మేం ఆ గోడని ఢీకొట్టక తప్పలేదు. నడుస్తుండగా క్లాసులు పుట్టించే లైబ్రరీ సీజీలిబ్, దాని పాత వెర్షన్, క్లాస్‌లోడర్ (క్లాసుల్ని లోపలికి తెచ్చే భాగం) లోపలి డిఫైన్‌క్లాస్ కోసం పోయి ఇనాక్సెసిబుల్‌ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్‌తో వెనక్కొచ్చింది. ఆబ్జెక్ట్‌ని జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే జీసన్ లైబ్రరీకి లోకల్‌డేట్ (జావా సొంత తేదీ క్లాస్) ఇస్తే దాని లోపలి ఇయర్ ఫీల్డ్ ముట్టుకోబోయి పడిపోయింది. చేరిన తేదీ, మానేసిన తేదీ, పుట్టిన తేదీ, జీతాల సాఫ్ట్‌వేర్‌లో లోకల్‌డేట్ లేని క్లాస్ ఎక్కడుంటుంది? స్టార్టప్ స్క్రిప్ట్‌లో యాడ్-ఓపెన్స్ లైన్లు, అంటే ఒక్కో తలుపుని విడిగా తెరవమనే లైన్లు, పేరుకుపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా తీస్తూ, లైబ్రరీలు అప్‌గ్రేడ్ చేస్తూ, జీసన్‌కి తేదీల అడాప్టర్లు రాస్తూ పోయాం.

ఆ నెలల్లో జావా వాళ్లని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు మాత్రం వాళ్లే కరెక్ట్ అంటాను. తీసేసిన ప్రతి లైను వెనకా ఏదో ఒక లైబ్రరీ, తనది కాని ఫీల్డ్‌ని పేరు పట్టుకుని వాడుతూ ఉంది. ఆ ఫీల్డ్ పేరు మార్చే హక్కు జేడీకే రాసేవాళ్లకి ఉంది, మార్చినరోజు పడేది మేము. రికార్డుల (ఒకసారి నింపాక మారని డేటా క్లాసులు) ఫీల్డ్స్‌నైతే సెట్‌యాక్సెసిబుల్ పిలిచాక కూడా రిఫ్లెక్షన్‌తో మార్చనివ్వరు. పేస్లిప్ లైన్లని మేం రికార్డులుగా మార్చుకున్న కారణాల్లో అదొకటి.

స్ప్రింగ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ట్రాన్సాక్షనల్ లాంటి యానొటేషన్ పెట్టిన బీన్‌ని (స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్ట్) గెట్‌క్లాస్ అని అడిగితే మీ క్లాస్ రాదు, అసలు బీన్ ముందు నిలబడే ప్రాక్సీ కోసం సీజీలిబ్ పుట్టించిన పిల్ల క్లాస్ వస్తుంది, పేరు మధ్యలో రెండు డాలర్లు ఉంటాయి. అందులో ఓవర్‌రైడ్ అయిన (పిల్ల క్లాస్ మళ్లీ రాసుకున్న) మెథడ్ల మీద మీ యానొటేషన్లు ఉండవు, మెథడ్ మీది యానొటేషన్ వారసత్వంగా రాదు కాబట్టి. స్ప్రింగ్ ఇచ్చే ఏఓపీయుటిల్స్‌లో గెట్‌టార్గెట్‌క్లాస్ పిలిచి అసలు క్లాస్ తీసుకుని అందులో వెతకాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఇది: అసలు క్లాస్‌లో దొరికిన ప్రైవేట్ మెథడ్‌ని ఆ ప్రాక్సీ ఆబ్జెక్ట్ మీద పిలిస్తే అది ప్రాక్సీని దాటి లోపలి బీన్ దగ్గరికి వెళ్లదు, ప్రాక్సీ మీదే నడుస్తుంది. ప్రాక్సీలో ఫీల్డ్స్ అన్నీ నల్. డేటాబేస్‌తో మాట్లాడే రెపాజిటరీ ఫీల్డ్ నల్ ఎందుకైందో అర్థంకాక, ఫీల్డ్స్‌ని నింపే స్ప్రింగ్ ఆటోవైరింగ్‌ని అనుమానిస్తూ రోజు గడిచిపోతుంది. రూల్ మెథడ్లు పబ్లిక్‌గానే ఉండాలని మా దగ్గర ఇప్పుడు నియమం.

భద్రత సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. మా టేబుల్‌లో మొదట్లో మెథడ్ పేరుతో పాటు క్లాస్ పేరు కూడా ఉండేది, రెండూ అడ్మిన్ స్క్రీన్‌లో టెక్స్ట్ బాక్సులు. అంటే అక్కడ రాయగలిగినవాడు ప్రోగ్రామ్‌కి అందుబాటులో ఉన్న క్లాసుల్లో దేన్నైనా పిలిపించవచ్చు. 2015లో అపాచీ కామన్స్ కలెక్షన్స్ అనే లైబ్రరీలోని ఇన్వోకర్‌ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకంత గోల చేసిందో గుర్తుంటే దీని తీవ్రత తెలుస్తుంది. పేరు ఇస్తే రిఫ్లెక్షన్‌తో మెథడ్ పిలవడమే ఆ క్లాస్ పని. బయటి నుంచొచ్చిన డేటాని డీసీరియలైజ్ చేసేచోట (తిరిగి ఆబ్జెక్ట్‌గా మార్చేచోట) అది దొరికేసరికి దాడి చేసేవాళ్లకి సర్వర్ మీద కమాండ్ నడిపే దారి దొరికింది. 2022 మార్చిలో బయటపడ్డ స్ప్రింగ్ లోపం, స్ప్రింగ్‌4షెల్, ఇంకా విడ్డూరం. వెబ్ ఫారమ్‌లో వచ్చే పేర్లని ఆబ్జెక్ట్ ప్రాపర్టీలకి కలిపేటప్పుడు క్లాస్ నుంచి క్లాస్‌లోడర్‌కి వెళ్లే దారిని స్ప్రింగ్ ఎప్పుడో మూసేసింది. జావా 9లో క్లాస్‌కి గెట్‌మాడ్యూల్ అనే కొత్త మెథడ్ చేరింది, మాడ్యూల్ మీదుగా క్లాస్‌లోడర్‌కి చుట్టుదారి ఏర్పడింది. స్ప్రింగ్‌లో ఆ లైను ఎవరూ ముట్టుకోలేదు. పేర్ల మీద నిషేధాల జాబితా రాస్తే రేపు పుట్టబోయే పేరు అందులో ఉండదు. అందుకే మేం అనుమతుల జాబితాకి మారాం: యానొటేషన్ ఉన్న మెథడ్ తప్ప ఇంకోటి పిలవబడదు, టెక్స్ట్ బాక్సుల స్థానంలో ఇందాక చెప్పిన డ్రాప్‌డౌన్.

మరి దీనికి బదులేం వాడొచ్చు? చాలాచోట్ల మామూలు ఇంటర్‌ఫేస్, ఒక మ్యాప్, దాంట్లో పేరుకి లాంబ్డా. అంతే. బోనస్, గ్రాట్యుటీ మాడ్యూల్ కొత్తగా రాసినప్పుడు ఇలాగే రాశాం. పేరు డేటాబేస్‌లోనే ఉంది, కానీ పేరుకీ మెథడ్‌కీ ముడి కోడ్‌లో కనబడుతుంది. ఎడిటర్‌లో ఆ మెథడ్ మీద క్లిక్ చేస్తే ఎవరు వాడుతున్నారో చూపిస్తుంది, తీసేస్తే బిల్డ్ ఆగుతుంది. జావా 7తో వచ్చిన మెథడ్ హ్యాండిల్స్ కూడా ప్రయత్నించాం, పనితీరు బాగుంది, కానీ టైపులు అచ్చంగా సరిపోవాలనే దాని ఇన్వోక్‌ఎగ్జాక్ట్ పిలుపు పట్టుదల చూస్తే మా టీమ్‌లో సగంమంది పారిపోయారు. కంపైల్ సమయంలోనే కోడ్ పుట్టించే యానొటేషన్ ప్రాసెసింగ్ ఇంకో దారి, డ్యాగర్, మైక్రోనాట్ అనే ఫ్రేమ్‌వర్కులు వెళ్లేది ఆ దారే. పెద్ద లైబ్రరీ రాసేవాళ్లకి నప్పుతుంది. మా అంత టీమ్‌కి అది తలకు మించిన భారం.

ఒకరి క్లాసులు ముందుగా తెలియని చోట, అంటే ఫ్రేమ్‌వర్క్, టెస్ట్ రన్నర్, జేసన్ మార్పిడి, ప్లగిన్లు రాసేవాళ్లకి, పిలుపుతో సహా రిఫ్లెక్షన్ తప్పదు, వాడండి. మీ సొంత క్లాస్‌లోని మెథడ్‌ని మీ సొంత కోడ్ నుంచే పిలవడానికైతే ఇఫ్‌ల దండ రాసినా నేను ఏమనను.

ఈమధ్య ఒక చిన్న సర్వీస్‌ని గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్‌గా (ముందే కంపైలై, నేరుగా నడిచే ప్రోగ్రామ్) మారుద్దామని కూర్చున్నాం. అక్కడ నియమం కఠినం: రిఫ్లెక్షన్‌తో ముట్టుకునే క్లాసులు, మెథడ్లు ముందే ఒక జేసన్ ఫైల్‌లో చెప్పాలి, చెప్పనివి నడిచేటప్పుడు దొరకవు. క్లాస్.ఫర్‌నేమ్‌కి స్థిరమైన పేరు ఇస్తే అదే కనిపెట్టుకుంటుంది, డేటాబేస్‌లోంచి వచ్చే పేరైతే దానికెలా తెలుస్తుంది? ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎవరెవరిని పిలిచారో రాసుకునే ఏజెంట్ ఒకటి గ్రాల్‌వీఎంతోనే వస్తుంది. దాన్ని తగిలించి జీతాల బ్యాచ్ ఒకటి నడిపాం. అది జూన్ నెల. ఏజెంట్ ఇచ్చిన ఫైల్‌లో వరంగల్ కుర్రాడే ముందు వెతికింది మహారాష్ట్ర ఫిబ్రవరి రూల్ కోసం, అది లేదు. నడవని మెథడ్‌ని ఏజెంట్ ఎలా రాస్తుంది. ఆ ఫైల్‌ని ఏజెంట్‌తో రాయించడం మానేశాం. యానొటేషన్లు ఏరే కోడ్‌నే బిల్డ్‌లో ఒక మెట్టుగా నడిపి, ఆ జాబితాలోంచి ఫైల్ తీస్తున్నాం.